మూత తీసి చూడకూడదు

మార్చి 2

ఈ పుస్తకం నేను రిటైరైన రోజున డిపోలో ఇచ్చారు. ఆరేళ్ళుగా బీరువాలో ఖాళీగా పడి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి, సాయంత్రానికి రిపోర్టు రాయకపోతే చెయ్యి ఊరుకోదు. ఇది ఎవరికీ చూపించే రిపోర్టు కాదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఉన్నది ఇది. మా ఆవిడకి కడుపులో గడ్డ. నాలుగు విడతలు మందు ఎక్కించారు. గడ్డ చిన్నదయింది, మనిషి అంతకంటే చిన్నదయింది. నిన్న డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

"నలభై మూడు కిలోలుంటేనే ఆపరేషన్ చేస్తాను. ఇప్పుడు నలభై ఒకటీ రెండొందలున్నారు. ఈ ఒంటితో తట్టుకోలేరు. అలాగని ఎక్కువ రోజులు ఆగితే గడ్డ మళ్ళీ పెరుగుతుంది. నెలాఖరుకల్లా తినిపించి తీసుకురండి."

కావలసింది కిలో ఎనిమిది వందలు. అంత బరువు నేను రోజూ కూరగాయల సంచీలో చేతికి తగిలించుకుని మేడెక్కుతాను.

డాక్టరమ్మ ఇంకా ఏదో చెప్పింది, నాలుక గురించి, రుచి గురించి. నేను నలభై మూడు దగ్గరే ఆగిపోయాను.

మాకు పిల్లలు లేరు. వంట నేనే చేస్తానన్నాను. మా ఆవిడ నవ్వింది.

"స్టవ్వు ఎటు తిప్పితే వెలుగుతుందో తెలుసా?"

తెలియదు. నేర్చుకుంటాను.

మార్చి 3

ఎడమకి తిప్పాలి.

మార్చి 4

కుక్కని పెంచుకునేవాళ్ళని చూశాను, చిలకని పెంచుకునేవాళ్ళని చూశాను. మా ఆవిడ వానపాముల్ని పెంచుకుంటుంది. రెండేళ్ళ క్రితం మూడో అంతస్తులో ఉండే సైన్సు టీచరు ఒక గుప్పెడు తెచ్చిచ్చింది. ఇప్పుడు బాల్కనీలో ఆ ప్లాస్టిక్ పెట్టె నిండా అవే. కూరగాయల తొక్కలు తిని ఎరువు చేస్తాయి, ఆ ఎరువు కుండీల్లోకి వెళ్తుంది. రెండేళ్ళుగా నేను ఆ పెట్టెకి ఆమడ దూరంలో ఉన్నాను. ఇప్పుడు ఆవిడ వంగలేదు.

"వాటిని మీరే చూసుకోవాలి," అంది.

"నిన్ను చూసుకోనా, వాటిని చూసుకోనా?"

"నాకు కోపం వస్తే చెప్పగలను. అవి చెప్పలేవు కదండీ."

ఒప్పుకున్నాను. పెట్టె మూత మీద ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఒక కాగితం అతికించి ఉంది.

1. ఉల్లి, నిమ్మ తొక్కలు వద్దు.
2. వండినవి వద్దు. ఉప్పు, నూనె అసలు వద్దు.
3. ముందు పెట్టింది తిన్నాకే మళ్ళీ పెట్టాలి. గుప్పెడు చాలు.
4. మాటిమాటికీ మూత తీసి చూడకూడదు. తినేవి తింటాయి.

రూలు అంటే నాకు గౌరవం. ఎవరో ఒకరు ఆలోచించి రాసి ఉంటారు. నాలుగూ కంఠతా పట్టాను.

కిందున్న పెట్టెని స్టూలు మీదికి ఎక్కించి ఆవిడ కుర్చీ పక్కనే పెట్టాను. కూర్చునే చెయ్యి చాచితే మూత అందుతుంది. ఆవిడ మొహం వెలిగింది. ఇంత చిన్న పనికి ఇంత సంతోషమా అనుకున్నాను.

మార్చి 5

ఈరోజు వంట: అన్నం, క్యారెట్ కూర, రెండు ఉడికించిన గుడ్లు. క్యారెట్లు కోయడానికి ముప్పావుగంట పట్టింది. ఒక వైపు లావు, ఒక వైపు సన్నం. చూపుడు వేలు కొంచెం తెగింది. బలం కోసం నూనె రెండు గరిటెలు ఎక్కువే వేశాను.

ప్లేటు ఆవిడ ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను.

"మీరలా చూస్తుంటే మింగుడుపడదండీ. బాల్కనీలో గాలికి కూర్చుని తింటాను."

మంచిదే. గాలికి ఆకలి పుడుతుంది. గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాను. అక్కణ్ణించి కూడా పొమ్మంది. అరగంట తరవాత ప్లేటు తేవడానికి వెళ్ళేసరికి, నేను అడగకముందే నవ్వింది.

"బాగుందండీ. అంతా తినేశాను."

ప్లేటు తళతళలాడుతోంది. మెతుకు లేదు.

ఇన్నాళ్ళూ వంట అంటే పెద్ద విద్య అనుకున్నాను.

మార్చి 6

మొత్తం తిన్నది.

మార్చి 7

మొత్తం తిన్నది. గుడ్లతో సహా.

మార్చి 8

టీచరు చూడ్డానికి వచ్చి ఖర్బూజా పండు తెచ్చింది. మంచి మనిషే గానీ ఖర్బూజాలో ఏముంది, నీళ్ళు. ఈ పొట్టలో ఉన్న చోటు నీళ్ళకి ఇస్తే నలభై మూడు ఎప్పటికి వస్తుంది? బలం లేని తిండి అని టీచరుతో అనేశాను కూడా. మా ఆవిడకి పెట్టలేదు.

"అన్నయ్యగారూ, ఎండలు ముదురుతున్నాయి. వానపాములకి పెట్టేది సన్నగా తరిగి ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా వేయండి. పెట్టె చల్లబడుతుంది, వాటికీ హాయి," అని చెప్పి వెళ్ళింది.

మాట అంటే మాటే. ఆ ఖర్బూజానే తొక్కతో, కండతో చిన్న చిన్న ముక్కలు కోసి, గిన్నెలో వేసి, గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. క్యారెట్లకంటే బాగా వచ్చాయి ముక్కలు. చెయ్యి తిరుగుతోంది.

మార్చి 9

తూకం. నలభై ఒకటీ వంద.

ఇదెలా కుదురుతుంది? మిషను కింద బండ ఎగుడుదిగుడుగా ఉంది. హాల్లోకి మార్చాను. నలభై ఒకటీ వందే. సెల్లు మార్చాను. అంతే. పాత సరుకు, ఎప్పుడో చౌకగా కొన్నది.

నేను ఎక్కితే మాత్రం సరిగ్గానే చూపిస్తోంది.

మార్చి 10

గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసి బాల్కనీలోకి తెచ్చాను. పెట్టెలో వేయబోతుంటే ఆవిడ, "ఒకసారి ఇటివ్వండి," అని గిన్నె తీసుకుంది. రెండు చేతుల్తో పట్టుకుని కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. చల్లటి గిన్నెని బుగ్గకి ఆనించుకుంది కూడా.

"వేసేయండి," అని తిరిగి ఇచ్చింది.

వానపాముల మీద ఇంత ప్రేమ ఏమిటో నాకు అర్థం కాదు. సొంత చెల్లెలు ఫోను చేస్తే ఇంత మురిపెం లేదు.

మార్చి 12

మొత్తం తిన్నది. ఉడికించిన బంగాళాదుంప వెన్నతో పెట్టాను.

బాల్కనీలో ఏదో పులిసిన వాసన. కింది ఇంటివాళ్ళ డ్రైనేజీ అయి ఉంటుంది. చెప్పాలి.

మార్చి 13

కింది ఇంటాయనతో మాటామాటా అయింది. వాళ్ళ డ్రైనేజీ బాగానే ఉందట. ముక్కు ఉన్నవాడెవడైనా ఆ మాట అంటాడా?

వాసన పెట్టెలోంచి వస్తున్నట్టుంది. మూత చుట్టూ చిన్న చిన్న దోమలు. రూలు ప్రకారం తియ్యకూడదు కాబట్టి తియ్యలేదు.

"నేను ఏమైనా తప్పు పెట్టానా వాటికి?" అని ఆవిడని అడిగాను. తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు. వాటికి ఒంట్లో బాగాలేదని బెంగ కాబోలు. "నీ పాములకి ఏమీ కాదులే," అన్నాను. ఇంకా ఏడ్చింది.

మార్చి 14

నలభై కిలోల ఆరొందలు. తగ్గింది.

ఈరోజు కోపం పట్టలేకపోయాను. "మొత్తం తింటున్నావు, పూటకి ఇంత పెడుతున్నాను, ఎక్కడికి పోతోంది?" అని అరిచాను. మిషను మీద నిలబడి, కాళ్ళ వంక చూసుకుంటూ, "ఏమోనండీ," అంది. నేనూ ఆ కాళ్ళ వంక చూశాను. పాదాల మీద ఎముకలన్నీ లెక్కపెట్టొచ్చు.

రేపటినుంచి ఇంకో గరిటెడు ఎక్కువ పెడతాను.

మార్చి 15

పొద్దున్నే బాల్కనీ తలుపు తీశాను. కాలి కింద మెత్తగా ఏదో తగిలింది.

నేల మీద, గోడ మీద, కుర్చీ కాళ్ళ మీద, అంతటా వానపాములు. కొన్ని గడప దాకా వచ్చి ఎండిపోయి ఉన్నాయి. ఒకటి నా చెప్పులో ఉంది. పెట్టె మూత సందుల్లోంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇల్లు తగలబడితే జనం బయటికి వచ్చినట్టు వస్తున్నాయి.

ఆవిడ మందు వేసుకుని నిద్రపోతోంది. లేపలేదు. పైకి పరిగెత్తి టీచరుని పిలుచుకొచ్చాను. ఆమె పాత పేపర్లు పరిచి పెట్టెలో ఉన్నదంతా పొర పొరగా తీసి వాటి మీద వేసింది. పైన రెండు వేళ్ళ మందం వాటికి పరుపుగా వేసే కాగితపు ముక్కలు, వాటి కింద నా ఖర్బూజా తొక్కలు. ఆ కిందది చూసి ఆమె ముక్కున వేలేసుకుంది.

"అన్నం. గుడ్డు. ఇదేంటి, బంగాళాదుంపా? నూనె కారుతోంది చూడండి. వండినవి ఎవరు వేశారు అన్నయ్యగారూ?"

నేను వంగి చూశాను. అంతా పొరలు పొరలుగా ఉంది. పైపొర బంగాళాదుంప, మూడు రోజులుగా పెడుతున్నది. ఆ కింద బఠాణీలు, పదకొండో తారీఖు. ఆ కింద గుడ్లు. ఒక్కటి కూడా కొరకలేదు, నాలుగేసి ముక్కలు చేసి కప్పెట్టి ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున క్యారెట్లు. ఒక వైపు లావు, ఒక వైపు సన్నం. ఆ కోత ఎవరిదో చెప్పడానికి సాక్షి అక్కర్లేదు.

ఈ పుస్తకంలో పేజీ పేజీకీ నేను రాసిందంతా ఆ పేపరు మీద ఉంది. మొత్తం తిన్నది, మొత్తం తిన్నది, మొత్తం తిన్నది.

"అన్నయ్యగారూ?"

"నేనే వేశాను," అన్నాను.

"మూత మీద రాసుందిగా?"

"చదవలేదమ్మా."

ఆమె నన్ను మందమతిని చూసినట్టు చూసింది. చూడనీ. బతికున్న వాటిని ఒక్కొక్కటే ఏరి కొత్త కాగితాల్లో వేసింది. నేనూ ఏరాను, చేత్తోనే. సగానికి సగం పోయాయి.

"వీటికి నాలుగు రోజులు ఏమీ పెట్టకండి. ఆ తరవాత కూడా గుప్పెడే. పాపం, తినలేనంత మీద పోస్తే అందులో ఉండలేక పారిపోయాయి."

మార్చి 16

రాయడానికేమీ లేదు.

మార్చి 17

ఉంది. రాస్తాను.

బస్సులో టికెట్ లేనివాణ్ణి ఎలా పట్టుకుంటారని కొత్తగా చేరిన కుర్రాళ్ళు అడిగేవారు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడా, జేబులు తడుముకుంటాడా అని. అవేవీ కాదు. నేను అడగకముందే నా వంక చూసి నవ్వుతాడు. అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ నవ్వు చూసి పట్టుకున్నాను. అయిదో తారీఖున నా బాల్కనీలో అదే నవ్వు చూసి, వంట వచ్చేసిందని మురిసిపోయాను.

చూడలేదా, చూడదలుచుకోలేదా? తూకం మిషన్ని తిట్టాను. కింది ఇంటాయన డ్రైనేజీని తిట్టాను. పులిసిన నా వంట వాసన నా ముక్కుకే కొడుతుంటే వాళ్ళని తిట్టాను.

నిన్నంతా కోపమే. నన్ను మోసం చేసిందని కోపం. నేను వేలు తెగ్గోసుకుని వండితే పెంటలో వేసిందని కోపం. ఈరోజు పొద్దున్న ఆవిడ బాల్కనీలోకి వచ్చి, పెట్టె తేలిగ్గా కదలడం గమనించి, మూత మీద చెయ్యి వేసి నిలబడింది. తియ్యలేదు. అప్పుడు తట్టింది నాకు. రెండేళ్ళు బిడ్డల్లా పెంచుకున్న వాటి మీద ఉప్పూ నూనే కప్పెట్టింది. ఆ రూలు రాసింది ఆవిడే. తెలిసి చేసింది. నా మొహం చిన్నబోకుండా ఉండటానికి వాటిని చంపుకుంది.

కోపం పోయింది. భయం మిగిలింది. పది రోజులు ఈ మనిషి ఏం తిని బతికింది?

మార్చి 18

అడగలేదు. అడిగితే ఇంకోచోట దాస్తుంది. వానపాములకి పనికొచ్చిన రూలు మనిషికి పనికిరాదా అని చూశాను. ప్లేటు తీసేసి చిన్న గిన్నె పెట్టాను. గుప్పెడు అన్నం, అంతే.

"ఇంతేనా?" అంది.

"ఇంతే. మిగిలితే నాకు పెట్టు, నేను తింటాను. పారేసే పని లేదు."

సగం మిగిలింది. ఆవిడ ఎదురుగానే తినేశాను. కూర ఘోరంగా ఉంది. రెండు వారాలుగా నేనూ ఇదే తింటున్నాను, ఈరోజే రుచి తెలిసింది.

మార్చి 19

టీచరు వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. హాల్లోంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది.

"వదినా, అన్నయ్యగారికి ఇంకోసారి చెప్పు. అన్నం, గుడ్లు, ఏది పడితే అది పెట్టెలో పోశారు. అడిగితే రూలు చదవలేదన్నారు. సగం పోయాయి. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు గానీ."

తలుపు చప్పుడయింది. టీచరు వెళ్ళిపోయింది. నేను కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాను.

"ఏమండీ."

"ఊఁ."

"ఇలా రండి."

వెళ్ళి కూర్చున్నాను.

"అవి మీరు వేశారా?"

"ఆఁ."

"మీకు అబద్ధం చెప్పడం రాదు. చెవులు ఎర్రబడతాయి. ఎన్నాళ్ళయింది తెలిసి?"

"నాలుగు రోజులు."

"అడగలేదేం?"

"ఏమని అడగను? టికెట్ చూపించమనా?"

నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపయింది. నా చొక్కా చేయి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఈ పుస్తకంలో దాపరికం ఎందుకు.

"నోట్లో ఏది పెట్టుకున్నా ఇనుము నమిలినట్టు ఉంటుందండీ. వేడి వేడిగా నూనె వాసన తగిలితే లోపల అంతా తిప్పేస్తుంది. మీరేమో తెల్లవారకముందే లేస్తారు, వేళ్ళు కాల్చుకుంటారు, గుమ్మంలో నిలబడి నా నోరే చూస్తారు. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో మీరు నాకు వండి పెట్టింది ఇప్పుడే. తినలేనని ఎలా చెప్పను?"

"చెప్పకుండా చచ్చిపోదామనుకున్నావా?"

మాట జారింది. ఆవిడ మాత్రం బాధపడలేదు, ఆలోచించి జవాబు చెప్పింది.

"లేదు. రేపటినుంచి తిందామనుకునేదాన్ని. రోజూ అలాగే అనుకున్నాను."

"మరి నీ పాములో?"

"దాచేటప్పుడు వాటికి చెప్పేదాన్ని, ఈ ఒక్కరోజే, ఏమనుకోకండి అని. అవి పాపం ఏమీ అనలేదు." ముక్కు తుడుచుకుంది. "రాత్రి పూట మీకు తెలియకుండా రొట్టె ముక్క నీళ్ళలో ముంచుకుని తినేదాన్ని. అదొక్కటే దిగేది."

అప్పుడు అడిగాను. డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చిన రోజే అడగాల్సిన మాట.

"నీకు ఏం తినాలనుంది?"

ఆవిడ తల దించుకుంది. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత సిగ్గుపడలేదు.

"నవ్వకూడదు మరి. ఆ గిన్నె."

"ఏ గిన్నె?"

"పాముల గిన్నె. చల్లగా ఫ్రిజ్‌లోంచి తెచ్చి, ముక్కలు ముక్కలుగా వాటికి వేస్తుంటే నాకు నోరూరేదండీ. ఒకరోజు ఒళ్ళో పెట్టుకున్నాను కూడా, అడుగుదామా అని. బలం లేని తిండి అని మీరు టీచరుతో అనడం విన్నాను. మళ్ళీ ఇచ్చేశాను."

నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో ఇక్కడ రాయను, పేజీ చాలదు. వానపాములకి ఖర్బూజా, పెళ్ళానికి నూనె. ఆవిడ తినలేనివి వాటికి పెట్టింది, ఆవిడ తినాలనుకున్నవి నేను వాటికి పెట్టాను. మా ఇద్దరి మధ్య పడి అవి చచ్చాయి.

చెప్పులేసుకుని బజారుకి వెళ్ళాను. పళ్ళ బండి అతను, "ఒకటి చాలా?" అన్నాడు. నాలుగు తీసుకున్నాను.

మార్చి 20

ఖర్బూజా, తొమ్మిది ముక్కలు. ఆవిడే లెక్కపెట్టి చెప్పింది.

మార్చి 21

టీచరుకి ఫోనులో నిజం చెప్పేసింది ఆవిడ. ఆమె మొదట నమ్మలేదట. తరవాత కిందికి వచ్చి నాతో, "మీరు భలేవారండీ, అన్నయ్యగారూ," అని, ఒక చెక్క చెంచా ఇచ్చి వెళ్ళింది. స్టీలు చెంచాతో నోట్లో ఇనుము రుచి ఇంకా ఎక్కువవుతుందని ఆమె ఎక్కడో చదివిందట. ఆ చెంచా కలపడానికి వాడేది, గరిటెలో సగం ఉంది. ఆవిడ దాంతో పెరుగు తింటుంటే మొహం సగం కనిపించలేదు. నవ్వి నవ్వి ఇద్దరికీ పొలమారింది. బజారంతా తిరిగి చిన్నది కొన్నాను.

డాక్టరమ్మకి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఈసారి ఆమె చెప్పిందంతా కాగితం మీద రాసుకున్నాను. చల్లటి పాలలో వేరుశెనగ పొడి. పెరుగులో పండు. గుడ్డు బాగా చల్లారాక, మెత్తగా చిదిమి. రెండు గంటలకోసారి, కొంచెం కొంచెం.

"ఇవన్నీ ఆ రోజే చెప్పానండీ," అంది డాక్టరమ్మ. చెప్పే ఉంటుంది.

మార్చి 23

నలభై ఒకటి.

గిన్నె పెట్టి నేను మెట్లు దిగి గేటు దాకా వెళ్ళి వస్తున్నాను. చూడకుండా ఉండటం కంటే వంట సులువు. కింది ఇంటాయన, "రోజుకి ఆరుసార్లు ఎక్కడికండీ?" అన్నాడు. ఎక్కడికీ లేదన్నాను. డ్రైనేజీ విషయంలో క్షమించమని కూడా అన్నాను. టీ ఇచ్చాడు.

మార్చి 25

ఈరోజు ఏమీ దిగలేదు. పాలు కూడా కక్కేసింది. గిన్నె అలాగే నా చేతికిచ్చి, "ఇవాళ వల్ల కావట్లేదండీ," అంది.

దాచలేదు. నా చేతికే ఇచ్చింది. తిన్న రోజుకంటే నాకు ఈరోజే ధైర్యంగా ఉంది. ఎందుకో సరిగ్గా రాయలేను.

మార్చి 27

వానపాములకి ఆ పదిహేనో తారీఖు తరవాత మొదటిసారి గుప్పెడు తొక్కలు వేశాం. ఖర్బూజావే, ఈసారి కండ లేకుండా. కండ ఇంట్లో ఖర్చవుతోంది.

మార్చి 29

ఆసుపత్రికి వెళ్ళే ముందు ఇంట్లో తూచాను. నలభై రెండు. కిలో తక్కువ.

నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. బీరువా తాళాల గుత్తి, పాత ఇత్తడి తాళం కప్ప ఆవిడ చేతిలో పెట్టి, "బొడ్లో దోపుకో, కిలో ఉంటుంది," అన్నాను. జీవితంలో ఏ బస్సులోనూ టికెట్ లేనివాణ్ణి ఒక్కణ్ణీ వదలని మనిషిని. ఆవిడ తాళం కప్పని చూసింది, నన్ను చూసింది, తీసుకెళ్ళి బీరువాకి వేసొచ్చింది.

"దొంగ తిండి చాలు. మళ్ళీ దొంగ బరువు కూడానా?"

డాక్టరమ్మ చిన్న గొంతుతో మాట్లాడింది. స్కానింగ్‌లో గడ్డ ఇంకా పెరగలేదట. పది రోజులు ఇస్తానంది. "అంతకుమించి ఆగలేను," అంది.

ఆటోలో వస్తూ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పట్టు కొంచెం గట్టిగానే ఉంది.

ఏప్రిల్ 1

ఉదయం పాలు, సగం అరటిపండు, పెరుగు, గుడ్డు మూడు వంతులు, ఖర్బూజా. మిగిలినవి నేను.

నా బరువు రెండు కిలోలు పెరిగింది. ఇంట్లో ఈ పని నాకే బాగా వస్తోంది.

ఏప్రిల్ 4

నలభై రెండున్నర.

పెట్టె పక్కన కూర్చుని వాటితో మాట్లాడుతోంది. నేను వింటున్నానని తెలియదు. "నాకు భయంగా ఉందర్రా. ఆయనకి చెప్పకండి," అంటోంది.

నేనూ వాటితోనే చెప్పుకోవాలి. ఆవిడ నిద్రపోయాక వెళ్ళి చెప్పాను.

ఏప్రిల్ 8

నలభై మూడూ వంద.

ఆసుపత్రి మిషను మీద, చెప్పులు విప్పి, బొడ్లో ఏమీ లేకుండా. నర్సు రెండుసార్లు చూసింది, నేను మూడుసార్లు చూశాను. డాక్టరమ్మ తేదీ రాసిచ్చింది. పదకొండు.

ఇన్నాళ్ళూ ఈ అంకె కోసం ఎదురుచూశాను. వచ్చాక ఆవిడని లోపలికి పంపాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఏప్రిల్ 11

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపలికి తీసుకెళ్ళి గంటయింది.

రాత్రినుంచి నోట్లో ఏమీ వేయకూడదన్నారు. నీళ్ళు కూడా వద్దన్నారు. పొద్దున ఆరింటికి పచ్చ గౌను వేసి, జుట్టుకి టోపీ పెట్టి, మంచం మీద పడుకోబెట్టారు. నేను పక్కన నిలబడ్డాను. ధైర్యం చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఆవిడ నా వేలు పట్టుకుని లాగింది. వంగాను.

"ఏమండీ, ఆకలేస్తోంది."

నలభై రోజులుగా ఈ ఒక్క మాట కోసం పొయ్యి దగ్గర నిలబడ్డాను. గిన్నెలు మార్చాను, చెంచాలు మార్చాను, మెట్లు ఎక్కాను, దిగాను. ఏమీ పెట్టకూడని రోజున, పెట్టడానికి చేతిలో ఏమీ లేనప్పుడు అంది.

"ఇవాళ కుదరదు," అన్నాను. ఆవిడ టోపీ సర్దాను.

"తెలుసు. ఊరికే చెప్పాను, మీరు వింటారని."

అంతలో మంచం కదిలింది.

ఖర్బూజా కోసి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను. ఇంటి తాళం టీచరుకిచ్చి చెప్పాను, తొక్కలు పెట్టెలో వేయమని, ముక్కలు మాత్రం ముట్టుకోవద్దని. ఆవిడ ఇంటికి వచ్చేసరికి అవి పాడైపోతాయని తెలుసు. అయినా కోశాను.

ఏప్రిల్ 11, మధ్యాహ్నం

బయటికి తెచ్చారు. గడ్డ మొత్తం తీసేశామంది డాక్టరమ్మ. నేను ఆమెకి దణ్ణం పెడుతుంటే, "ముందు మీరు వెళ్ళి ఏదైనా తినండి," అంది.

ఏప్రిల్ 24

ఇంటికి వచ్చి మూడు రోజులు.

పెట్టెలో నిమ్మగింజ కంటే చిన్నవి, పసుప్పచ్చగా గుడ్లు కనిపించాయని టీచరు చెప్పింది. ఒక్కోదాంట్లోంచి రెండు మూడు పిల్లలొస్తాయట. ఆవిడకి ఆ మాట చెప్పాక ఇంక నాతో పనిలేదు.

ఈరోజు ఖర్బూజా కోసి చిన్న గిన్నెలో వేసి, చెక్క చెంచాతో బాల్కనీలో ఇచ్చాను. కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టె ఉంది, చెయ్యి చాచితే అందేంత దూరంలోనే. మెట్లు దిగి గేటు దాకా వెళ్ళి వచ్చాను. గిన్నె ఖాళీగా ఉంది. పెట్టెలోని కాగితపు ముక్కలు మూత అంచున రెండు అంటుకుని ఉన్నాయి, ఇందాక లేవు.

"అయిపోయిందండీ," అంది ఆవిడ.

గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. మూత తీసి చూడలేదు.